పెంకులు రంగులకి, సొన వంటకి: 20 గుడ్లు ఖాళీ చేసే ముందు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బొమ్మలు వేయడానికి గుడ్లకి చిల్లులు పెట్టి, నోటితో ఊది 10 ఖాళీ చేశారు. పెంకులు కడిగి ఆరబెట్టే హడావిడిలో సొన గిన్నె మూడు నాలుగు గంటలు బల్ల మీదే ఉండిపోయింది. రాత్రికి గుర్తొచ్చి ఫ్రిజ్‌లో పెట్టారు. ఇంకా 20 గుడ్లు చేయాల్సి ఉంది. ఇంత సొన ఏం చేసుకోవాలి, ఫ్రీజర్‌లో దాచుకోవచ్చా, కేక్‌కి పనికొస్తుందా అన్నది ప్రశ్న.

ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను. ఆ 10 గుడ్ల సొన పారబోయండి. పాడైపోయినట్టు కనిపించకపోవచ్చు, వాసన కూడా మామూలుగానే ఉండొచ్చు. కానీ గుడ్డుకి పెంకు ఉన్నంతసేపే రక్షణ. లోపల కూడా తెల్లసొన పచ్చసొనకి కాపలా లాంటిది, అందులో బ్యాక్టీరియా అంత తేలిగ్గా పెరగదు. మనం సూదితో పచ్చసొన చిదిపి, రెండూ కలిపి బయటికి తీసేసరికి ఆ కాపలా పోతుంది. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. అందుకే పగలగొట్టిన గుడ్డు గది వేడిలో రెండు గంటలకి మించి ఉండకూడదంటారు. తర్వాత ఫ్రిజ్‌లో పెడితే అది పెరగడం నెమ్మదిస్తుంది, అప్పటికే పెరిగినది మాత్రం అక్కడే ఉంటుంది.

"బాగా ఉడికిస్తే చచ్చిపోతాయి కదా" అని మీకు అనిపిస్తుంది. గుడ్లలో ఉండే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా విషయంలో అది నిజమే. కానీ మీరు నోటితో ఊదారు. మన ముక్కులో, నోట్లో, చర్మం మీద స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా ఉండటం మామూలే. అది తిండిలో పెరిగితే ఒక విషం వదులుతుంది. ఉడికిస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ ఆ విషం మిగిలిపోతుంది. పది గుడ్ల కోసం ఇంటిల్లిపాదీ వాంతులు చేసుకోవడం దండగ. పారబోసేటప్పుడు ఒక జాగ్రత్త: సింకులో పోసి పైనుంచి వేడినీళ్లు వదలకండి. సొన పైపులోనే ఉడికి గడ్డకడుతుంది. ఇది నాకు ప్లంబర్ చెప్పాడు, ఖర్చయ్యాక.

ఇక మిగిలిన 20 గుడ్ల సంగతి. నేను పెంకుల మీద పని చేస్తూ చాలా ఏళ్లయింది. మొదట్లో నేనూ మీలాగే చేసేవాణ్ణి. ముందు గుడ్లన్నీ ఖాళీ చేయడం, తర్వాత గిన్నె నిండా సొన చూసి తల పట్టుకోవడం. ఇప్పుడు నాది ఒకటే లెక్క. ఊది తీసిన సొనని పచ్చిగా దాచను. తీసిన వెంటనే వండేస్తాను, దాచుకోవాలంటే వండినదాన్ని దాచుకుంటాను. ఫ్రీజర్‌లో సొన డబ్బాకి బదులు కేక్ ముక్కలు ఉంటాయి. మామూలుగా శుభ్రంగా పగలగొట్టిన గుడ్లని గిలక్కొట్టి ఫ్రీజ్ చేసుకోవచ్చు, అందులో తప్పు లేదు. కానీ చిల్లు గుండా తీసిన సొన పెంకు పైభాగాన్ని, సూదిని, గొట్టాన్ని, చేతుల్ని అన్నిటినీ తాకి వస్తుంది. దాన్ని దాచడంలో అర్థం లేదు.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, ఒక రోజు ఎన్ని గుడ్లు ఖాళీ చేయాలో చెప్పాల్సింది మీ వంటిల్లే. ఆ రోజు ఎంత వండగలరో అన్ని గుడ్లే తీయండి. 20 గుడ్లంటే సుమారు ఒక కిలో సొన. ఒక్క రోజులో వండడం కష్టం, రెండు మూడు రోజులకి పంచుకోండి. మిగతా గుడ్లు పెంకుతో ఫ్రిజ్‌లో హాయిగా ఉంటాయి. వాటికి తొందరేమీ లేదు.

ఓవెన్ ముందే వేడెక్కుతూ ఉండాలి, వెన్న మెత్తబడి ఉండాలి, మైదా జల్లించి ఉండాలి. ఆ తర్వాతే మొదటి గుడ్డుకి సూది ముట్టించాలి. నేను ఇలాగే చేస్తాను. ఖాళీ పెంకులు కడగడం, ఆరబెట్టడం కేక్ ఓవెన్‌లోకి వెళ్లాక. పెంకులు అరగంట ఆగగలవు, సొన ఆగలేదు.

గుడ్డు కడగడం గురించి చాలామంది పొరబడతారు. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డుని దాని కంటే కొంచెం వెచ్చటి నీళ్లతో కడగాలి. చన్నీళ్లు తగిలితే లోపలి గాలి కుంచించుకుని, పెంకు మీది సన్నటి రంధ్రాల గుండా బయటి నీళ్లని, వాటితో పాటు మురికిని లోపలికి లాక్కుంటుంది. ఒక్కో పెంకు మీద ఇలాంటి రంధ్రాలు వేలల్లో ఉంటాయి. నానబెట్టవద్దు. కడిగి, శుభ్రమైన బట్టతో తుడిచి, అప్పుడే చిల్లు పెట్టండి. కడిగిన గుడ్డుకి పైపొర పోతుంది, దాన్ని మళ్లీ దాచవద్దు. ముందే చీలిక ఉన్న గుడ్డయితే అసలు మొదలుపెట్టకండి.

నోటితో ఊదడం మానేయండి. మీ ఎంగిలి సొనలోకి వెళ్తుంది, పచ్చి సొన మీ పెదాలకి తగులుతుంది, రెండూ బాగోవు. పైగా పది గుడ్లు అయ్యేసరికి దవడలు పీకుతాయి, అది మీకు తెలిసే ఉంటుంది. ఒక కొత్త రబ్బరు బల్బు గానీ, పెద్ద సిరంజి గానీ ఈ పనికే విడిగా పెట్టుకోండి. నేను సన్న చివర ఉన్న సిరంజి వాడతాను. గుడ్డు కింది వైపు ఒకటే చిల్లు, కందిగింజ అంత. పొడవాటి సూది లోపలికి పంపి రెండు మూడు సార్లు తిప్పితే పచ్చసొన చిదుగుతుంది. చిల్లు కిందికి ఉండేలా గుడ్డు పట్టుకుని సిరంజితో గాలి కొంచెం కొంచెంగా పంపుతుంటే, గాలి లోపలికి వెళ్లిన కొద్దీ సొన చిల్లు అంచుల గుండా దారంలా జారుతుంది. మధ్యలో ఆగిపోతే తెల్లటి తాడులాంటి ముక్క అడ్డం పడిందని అర్థం. పచ్చసొనని మధ్యలో పట్టి ఉంచే తాడు అది. బలంగా ఒత్తితే పెంకు పగులుతుంది. గుడ్డు ఒకసారి ఊపి, సూదితో ఆ తాడుని పక్కకి తప్పించి, మళ్లీ మెల్లగా గాలి పంపండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన చిన్న కప్పు సంగతి. ప్రతి గుడ్డు సొనా ముందు ఒక చిన్న కప్పులోకి తీయండి. చూసి, వాసన చూసి, అప్పుడే పెద్ద గిన్నెలో కలపండి. నేను ఈ పాఠం నేర్చుకున్న రోజు 17 గుడ్లు నేరుగా పెద్ద గిన్నెలోకే తీశాను. పద్దెనిమిదోది చిల్లు పెట్టగానే టప్పుమని చిన్న శబ్దం వచ్చింది. ఆ శబ్దం ఏమిటో బుర్రకి ఎక్కేలోపే ఆకుపచ్చగా, నల్లగా ఒక ధార గిన్నెలో పడింది. మురిగిపోయిన గుడ్డు లోపల గ్యాస్ పేరుకుని ఉంటుంది, దాన్ని ఊదక్కర్లేదు, తనే వస్తుంది. 17 మంచి గుడ్లు పోయాయి. ఇంట్లో ఆ కంపు రెండు రోజులున్నా అంత బాధ లేదు గానీ, మా ఇంట్లోవాళ్ళు ఆ కథ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్తారు.

ఎప్పుడు తినకూడదో కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొందరు ముందు పెంకు మీద రంగులు, మైనం, వార్నిష్ అన్నీ పూర్తిచేసి చివర్లో సొన తీస్తారు. పెంకు నిండుగా ఉంటే చేతిలో బరువుగా నిలుస్తుంది, రంగునీళ్లలో మునుగుతుంది కాబట్టి ఆ పద్ధతికి దాని సుఖం ఉంది. కానీ ఆ సొన వంటకి పనికిరాదు. బట్టల రంగులు, పెయింట్లు, జిగురు తగిలిన గుడ్డు లోపలికి ఏమి దిగిందో చెప్పలేం. రోజుల తరబడి బల్ల మీద, బుట్టలో అలంకారంగా ఉన్న పచ్చి గుడ్డు కూడా అంతే. తినాలనుకుంటే ముందు ఖాళీ చేయండి, తర్వాతే రంగు.

ఇక గిన్నెలోకి వచ్చిన సొన. ఇది మామూలుగా పగలగొట్టిన గుడ్డులా ఉండదు. పచ్చసొన, తెల్లసొన కలిసిపోయి, గాలి వల్ల పైన నురగ కట్టి, అడుగున పెంకు నలుసులు ఉంటాయి. ఒక చిటికెడు ఉప్పు వేసి ఫోర్కుతో గిలక్కొట్టి సన్నటి జల్లెడలో వడకట్టండి. తెల్లసొన జల్లెడ మీద మొండికేస్తుంది, గరిటెతో తిప్పుతూ ఒత్తితే దిగుతుంది. నలుసులు, ఆ తాడు ముక్కలు పైన మిగిలిపోతాయి.

తర్వాత తూకం. ఎన్ని గుడ్లు తీశారో లెక్క మర్చిపోండి, గిన్నెని తూకం మీద పెట్టండి. పెద్ద సైజు గుడ్డు పెంకు తీసేస్తే సుమారు 50 గ్రాములు. వంటకం 3 గుడ్లు అంటే 150 గ్రాములు పోసుకోండి. ఊది తీసినప్పుడు కొంత సొన పెంకు లోపలే అంటుకుని ఉండిపోతుంది కాబట్టి గుడ్ల లెక్కతో వెళ్తే ప్రతిసారీ తక్కువ పడుతుంది. తూకం లేకపోతే ఒక గుడ్డుకి 3 టేబుల్‌స్పూన్లు, కానీ నురగ అణిగాకే కొలవాలి.

కలిసిపోయిన సొన కాబట్టి కొన్ని వంటకాలు మొదటే కొట్టేయాలి. తెల్లసొన విడిగా నురగ కొట్టి చేసే మెరాంగ్ లాంటివి కుదరవు, పచ్చసొనలోని కొవ్వు ఆ నురగని గట్టిపడనివ్వదు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్, మూస్, సగం ఉడికే వంటకాలు వద్దే వద్దు. ఈ సొనతో చేసేది ఏదైనా లోపలి వరకూ 71 డిగ్రీలు దాటాలి. కేక్ పిండి గిన్నె వేలితో నాకే అలవాటుంటే ఈసారికి ఆపుకోండి, పిల్లల్ని కూడా ఆపండి.

నేను మొదట చేసేది ఎప్పుడూ సమాన బరువుల కేక్. ఈ పనికోసమే ఎవరో కనిపెట్టినట్టుంటుంది. సొన ఎంత తూగితే అంతే వెన్న, అంతే పంచదార, అంతే మైదా. 200 గ్రాముల సొన ఉంటే అన్నీ 200 గ్రాములు, ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు. 187 వచ్చిందా, అన్నీ 187 వేయండి, కేక్‌కి తెలియదు. మెత్తబడిన వెన్న, పంచదార కలిపి తెల్లగా తేలిపోయేదాకా అయిదారు నిమిషాలు బీట్ చేయాలి. సొనని నాలుగైదు విడతలుగా పోయాలి, ఒక్కో విడతా పూర్తిగా కలిశాకే తర్వాతది. ఇక్కడే చాలామందికి మిశ్రమం విరిగినట్టయి టెన్షన్ పడతారు. కారణం సొన చల్లగా ఉండటం. అది తగలగానే వెన్న గడ్డకట్టి నీరు విడిగా తేలుతుంది. సొనని గంటసేపు బయట పెట్టడం మనకి కుదరదు కాబట్టి, గిన్నెని గోరువెచ్చటి నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి కలుపుతూ ఉండండి. అయినా విరిగితే రెండు చెంచాల మైదా వేసి కలిపితే మళ్లీ దగ్గరపడుతుంది. మిగిలిన మైదా మెల్లగా కలిపి, 170 డిగ్రీల్లో 50 నిమిషాలు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. చల్లారాక ముక్కలు కోసి, ఒక్కో ముక్కకి విడిగా కాగితం చుట్టి, డబ్బాలో పెట్టి ఫ్రీజ్ చేస్తే రెండు మూడు నెలలు బాగుంటుంది.

వెన్న అంత వద్దనుకుంటే స్పాంజ్ కేక్. గుడ్డుకి 30 గ్రాముల పంచదార, 30 గ్రాముల మైదా లెక్క. సొన, పంచదార కలిపిన గిన్నెని వేడినీళ్ల గిన్నె మీద పెట్టి, వేలికి వెచ్చగా తగిలేదాకా, అంటే 40 డిగ్రీల దాకా, కలుపుతూ ఉండండి. తర్వాత దింపి బీటర్‌తో ఎనిమిది పది నిమిషాలు. మూడింతలు పొంగాలి. బీటర్ ఎత్తితే జారే ధార పైన రిబ్బన్‌లా కాసేపు నిలబడాలి. ఆ రిబ్బన్ వెంటనే మునిగిపోతే ఇంకా కొట్టాలి. మైదా మాత్రం చేత్తో, పొంగు అణగకుండా కలపండి. 180 డిగ్రీల్లో 20 నుంచి 25 నిమిషాలు. బేకింగ్ పౌడర్ అక్కర్లేదు, గాలే పొంగిస్తుంది.

ఓవెన్ లేనివాళ్లకి, అసలు ఓవెన్ ఉన్నవాళ్లకి కూడా, నా ఓటు కస్టర్డ్‌కే. పొడి కలిపి చేసేది కాదు, గుడ్డుతో గడ్డకట్టే అసలు కస్టర్డ్. 200 గ్రాముల సొన, 80 గ్రాముల పంచదార, అర లీటరు వెచ్చటి పాలు. పాలు సలసల కాగుతుండగా పోస్తే గుడ్డు అక్కడికక్కడే ఉడికి పలుకులవుతుంది. వేలు ముంచగలిగేంత వేడి చాలు. పాలు సన్నధారగా పోస్తూ కలిపి, మళ్లీ ఒకసారి వడకట్టి, పైన నురగ తీసేసి కప్పుల్లో పోయండి. నీళ్లున్న ట్రేలో పెట్టి 160 డిగ్రీల ఓవెన్‌లో గానీ, మూత కింద బట్ట కట్టి సన్న సెగ మీద ఆవిరికి గానీ పెట్టండి. బట్ట లేకపోతే మూత నుంచి కారే నీటి చుక్కలు పైన గుంటలు పెడతాయి. కప్పుని కదిపితే అంచులు నిలిచి మధ్యలో చిన్నగా వణకాలి. అప్పుడు లోపల 80 డిగ్రీలు ఉంటుంది. 85 దాటిందంటే స్పాంజిలా రంధ్రాలు పడి నీరు ఊరుతుంది. ఆ తేడా రెండు మూడు నిమిషాలే, అందుకే ఆఖర్లో పక్కనుంచి కదలను. దీన్ని ఫ్రీజ్ చేయవద్దు, ఫ్రిజ్‌లో మూడు రోజుల్లో తినేయండి.

ఇంకా సొన మిగిలిందంటే షూ పేస్ట్రీ, అంటే ఓవెన్‌లో పొంగి లోపల ఖాళీగా ఉండే గుల్లలు, చేస్తే బాగా ఖర్చవుతుంది. 250 మిల్లీలీటర్ల నీళ్లు, 100 గ్రాముల వెన్న మరిగించి, 140 గ్రాముల మైదా ఒకేసారి వేసి, అడుగున పొర కట్టేదాకా సెగ మీదే కలపాలి. అయిదు నిమిషాలు చల్లారనిచ్చి సొన కొద్దికొద్దిగా కలపాలి. 200 నుంచి 220 గ్రాములు పడుతుంది. మామూలుగా ఆఖరి గుడ్డులో సగం మాత్రమే కావాలంటే చిరాగ్గా ఉంటుంది. మన దగ్గర ఎలాగూ కలిపిన సొనే కాబట్టి చెంచా లెక్కన పోసుకోవచ్చు. గరిటె ఎత్తితే పిండి మూడు మూలల జెండాలా వేలాడితే చాలు, ఆపేయండి. 200 డిగ్రీల్లో 25 నుంచి 30 నిమిషాలు, మధ్యలో తలుపు తీయకుండా. తీస్తే చప్పబడతాయి. ఖాళీ గుల్లల్ని ఫ్రీజ్ చేసుకుని, కావాల్సినప్పుడు నేరుగా ఓవెన్‌లో కరకరలాడించుకోవచ్చు.

నూడుల్స్ పిండి కూడా బాగా లాగేస్తుంది, 400 గ్రాముల మైదాకి 200 గ్రాముల సొన, కానీ చేతులు నొప్పెడతాయి, అదే రోజు ఉడికించేయాలి. తీపి అక్కర్లేకపోతే ఉడికిన కూరగాయ ముక్కలు, ఉప్పు, మిరియాలు వేసి ట్రేలో మందపాటి ఆమ్లెట్‌లా 170 డిగ్రీల్లో 20 నుంచి 25 నిమిషాలు బేక్ చేయండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులుంటుంది. గిన్నె అడుగున రెండు చెంచాలు మిగిలితే బన్నుల మీద పూతకి సరిపోతుంది.

మీరు అడగలేదు గానీ, పెంకులు కాకుండా సొననే పనికి వాడేవాళ్లకి వేరే సమస్య వస్తుంది. పచ్చసొనతో రంగు కలిపే టెంపెరా చిత్రకారులకి తెల్లసొన మిగులుతుంది. ఒకప్పుడు దీనికి తలకిందులుగా ఉండేది. 1850లో ఫ్రాన్స్‌కి చెందిన బ్లాంకార్ ఎవ్రార్ తెల్లసొన పూసిన ఫొటో కాగితం పద్ధతి ప్రకటించాక, ఆ కాగితం తయారీ ఏకంగా పరిశ్రమే అయింది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఒక ఫ్యాక్టరీ 1888లో 60 లక్షలకు పైగా గుడ్లు వాడింది. మిగిలిన పచ్చసొనలు తోళ్లు పదును చేసేవాళ్లకీ, బేకరీలకీ వెళ్లేవి. ఇలా శుభ్రంగా పగలగొట్టి వేరు చేసిన సొనని మాత్రం దాచుకోవచ్చు. తెల్లసొన ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, పచ్చసొన రెండు రోజులు. ఫ్రీజర్‌లో తెల్లసొన అలాగే పెట్టేయొచ్చు. పచ్చసొన మాత్రం గడ్డకట్టి కరిగాక కూడా జిగురు ముద్దలా ఉండిపోతుంది. 4 పచ్చసొనలకి టీస్పూన్‌లో ఎనిమిదో వంతు ఉప్పు గానీ, ఒకటిన్నర టీస్పూన్ల పంచదార గానీ కలిపి పెడితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. ఏది కలిపారో డబ్బా మీద రాయండి. నేను రాయక ఒకసారి ఉప్పు కస్టర్డ్ తిన్నాను.

మీ 20 గుడ్లకి నేనైతే ఇలా పంచుకుంటాను. మొదటి రోజు 8: నాలుగు సమాన బరువుల కేక్‌కి, నాలుగు కస్టర్డ్‌కి. రెండో రోజు మరో 8: ఆమ్లెట్ ట్రే, షూ పేస్ట్రీ. మిగిలిన 4 అలాగే ఉంచుకోండి. చిల్లు పెట్టేటప్పుడు రెండు మూడు పెంకులు ఎలాగూ పగులుతాయి, వాటి బదులుగా ఉంటాయి. మీ చేతిలో అప్పుడే పగిలిన గుడ్డు వంటకి శుభ్రంగా పనికొస్తుంది, దాన్ని కూడా చిన్న కప్పులోకే వేయండి. ఖాళీ పెంకుల్లోకి వేడినీళ్లు పంపి కడిగి, అర కప్పు నీళ్లకి ఒక టీస్పూన్ బ్లీచ్ కలిపి ఒకసారి తొలిచి, మంచినీళ్లతో కడిగి, చిల్లు కిందికి ఉండేలా గుడ్ల ట్రేలో ఆరబెట్టండి. ఆ నీళ్లు పోసిన గిన్నెలు వంట గిన్నెల పక్కన పెట్టకండి. రెండో రోజు పొద్దున పెంకు చెవి దగ్గర పెట్టి ఊపి చూడండి. తడి శబ్దం వస్తే ఇంకో పూట ఆరాలి, అప్పటిదాకా రంగు ముట్టుకోవద్దు.